కడుపు లెక్క

మా అమ్మకి పిల్లల ఆపరేషన్ అయినప్పుడు నాకు నాలుగేళ్ళు. 1992 అది. పురుటినొప్పులప్పుడు ఎన్నడూ రాని జీపు ఆ రోజు మా మాదిగపల్లెకి వచ్చింది. నర్సమ్మ మా నాయనతో మాట్లాడింది. నాయన సరేనన్నాడు. అమ్మతోపాటు ఇంకో ఆరుగురిని ఎక్కించుకుపోయారు. అమ్మని ఎవరూ ఏమీ అడగలేదు. కుట్లు పచ్చిగా ఉండంగానే మిరపకోతకి పోయింది.

"ఆ నెల నర్సమ్మకి కేసులు తక్కువయినాయంట" అని అమ్మ ఇప్పటికీ నవ్వుతా చెప్పుద్ది. 1996 దాకా ప్రభుత్వం కుటుంబ నియంత్రణకి టార్గెట్లు పెట్టేది. ఆ లెక్కలో మా అమ్మ ఒక కేసు.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేను. గవర్నమెంటు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను. కడుపు విషయంలో అమ్మ బతుకు వేరు, నా బతుకు వేరు అనుకునేదాన్ని. అది ఎంత తప్పో ఒక్క రాత్రిలో తెలిసింది.

మా ఆయన ఉద్యమంలో ఉన్న మనిషి. ఆ శనివారం సభ నుంచి పొద్దుపోయాక వచ్చాడు. నిరోధ్ అంటే ఆయనకి చిరాకు. "ఈ ఒక్కసారికి ఏం కాదులే" అన్నాడు. నేను వద్దనలేదు. వద్దనటం నాకెవరూ నేర్పలేదు. నలభైమంది పిల్లల్ని గద్దించే గొంతు ఆ గదిలో పెగల్లేదు.

తెల్లారి లెక్కేసుకున్నాను. నెలలో సరిగ్గా భయపడాల్సిన రోజులు. 72 గంటల్లోపు మాత్ర వేసుకోవాలి, ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిది. మా ఊళ్ళో మందుల షాపు ఆయన కూతురు నా క్లాసులోనే చదువుద్ది. అక్కడికి పోలేను. బస్సెక్కి టౌనుకి పోయాను.

"ఎవరికి? పెళ్ళయిందా?" అన్నాడు షాపతను. నా చెయ్యి దానంతటదే మెళ్ళో నల్లపూసల మీదికి పోయింది. "మా ఆయన తెమ్మన్నారు" అన్నాను. అబద్ధం. నా కోసం కొనుక్కునే మాత్రకి కూడా మొగుడి పేరు అడ్డం పెట్టుకున్నాను. అతను దాన్ని పేపర్లో చుట్టి, సారా సీసా ఇచ్చినట్టు కౌంటరు కింద నుంచి ఇచ్చాడు. ఈ మాత్రకి డాక్టరు చీటీ అక్కర్లేదని 2005లోనే ప్రభుత్వం చెప్పింది. మరి పెళ్ళి చీటీ ఎందుకు? పెళ్ళికాని పిల్ల అడిగితే ఏం చేసేవాడు?

మాత్ర మింగాక అసలు భయం మొదలైంది. నెల వారం ముందు రావచ్చు, వారం వెనక రావచ్చు. అది ప్రధానంగా అండం విడుదలని వెనక్కి జరుపుద్ది. అప్పటికే నిలిచిన కడుపుని తీసెయ్యదు. ఈ సంగతి పాఠం చెప్పేదాన్ని, నాకు తెలుసు. అయినా రాత్రిళ్ళు చర్చిలో చిన్నప్పుడు విన్న మాటలు గుర్తొచ్చి ప్రాణం తీశానేమో అని వణికాను. ఇంకోపక్క మా నాయనమ్మ చెల్లెలు గుర్తొచ్చేది. కడుపు దించుకోబోయి జిల్లేడు పుల్లతో చచ్చిపోయిందామె. ఆమె చేసింది పాపమన్నారంతా. ఆమెకి ఆ పుల్ల తప్ప ఇంకేదీ అందనివ్వని వాళ్ళ పాపం సంగతి ఎవరూ మాట్లాడలేదు.

వారం తర్వాత ఆయనకి చెప్పాను. "నాకు చెప్పకుండానా?" అన్నాడు ముందు. తర్వాత, "మన జనాన్ని తగ్గించాలని వాళ్ళు చూస్తావుంటే నువ్వు కూడా వాళ్ళ పనే చేస్తావా?" అన్నాడు.

ఆయన భయం ఉత్తది కాదు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో ఒకే క్యాంపులో ఒక్క పూట 83 మంది ఆడవాళ్ళకి ఆపరేషన్లు చేశారు. పదిమందికి పైగా చనిపోయారు. అందరూ బీదాళ్ళే. అట్లాంటి క్యాంపులు మూడేళ్ళలో ఆపెయ్యమని సుప్రీంకోర్టు 2016లో చెప్పాల్సొచ్చింది. మన ఆడోళ్ళ కడుపుల మీద రాజ్యం చేసిన దాడి నిజం.

కానీ అన్నా, తమ్ముడూ, ఆ దాడికి జవాబు నా కడుపా? క్యాంపు కత్తీ నా మాత్రా ఒకటెట్లా అవుతాయి? తేడా మందులో లేదు. నిర్ణయం ఎవరిదన్న దాంట్లో ఉంది. అడగకుండా పిల్లలు పుట్టకుండా చెయ్యటం ఎంత అన్యాయమో, అడగకుండా పుట్టించటం అంతే అన్యాయం. అక్కడ సర్కారు లెక్కకి ఒక కేసుని, ఇక్కడ జాతి లెక్కకి ఒక కడుపుని. మనిషిని ఎప్పుడు?

సంతాన నియంత్రణ సౌకర్యాలు కల్పించాలని 1938 నవంబరులో బొంబాయి శాసనసభలో తీర్మానం వచ్చింది. దానికోసం ప్రసంగం రాసింది అంబేద్కరే. తీర్మానం ఓడిపోయింది. పెరియార్ అయితే దేశ జనాభా కోసం కాదు, ఆడదాని స్వేచ్ఛ కోసమే గర్భనిరోధం కావాలన్నాడు. సభల్లో వాళ్ళ ఫొటోలకి దండలేసే మనం ఈ సంగతి ఎందుకు ఎత్తం?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో పెళ్ళయిన ఆడవాళ్ళలో దాదాపు 38 శాతం మందికి ఆపరేషన్ అయింది. మగవాళ్ళది 1 శాతం కూడా లేదు. బరువంతా ఎవరి మీదుందో ఉద్యమకారులు కూడా లెక్క చూసుకోవాలి. 1971 గర్భస్రావ చట్టం ప్రకారం మేజరైన స్త్రీ సమ్మతి ఒక్కటే చాలు, మొగుడి సంతకం అక్కర్లేదు. పెళ్ళికానివాళ్ళకీ సమాన హక్కుందని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంట్లో మాత్రం ఇంకా సంతకం అడుగుతూనే ఉన్నారు.

నాలుగు రోజులు ఆలస్యంగా నెల వచ్చింది. గొళ్ళెం లేని స్కూలు బాత్రూములో తలుపు కాలితో అదిమిపట్టి ఏడ్చాను.

అమ్మకి చెప్పాను. తిట్టుద్దనుకున్నా. చాలాసేపు మాట్లాడలేదు. "నన్నెవరన్నా అడిగుంటే కావాలనేదాన్నో, వద్దనేదాన్నో. అడగలేదుగా" అంది. ముప్పై ఏళ్ళలో ఆపరేషన్ గురించి నవ్వకుండా చెప్పటం అదే మొదటిసారి.

ప్రత్యుత్పత్తి పాఠాన్ని ఇంటికాడ చదువుకోమని వదిలేసేదాన్ని. ఇప్పుడు ఆడపిల్లల్నీ మగపిల్లల్నీ కలిపి కూచోబెట్టి చెప్తున్నా. ఆయనా నేనూ ఇంకా వాదించుకుంటానే ఉన్నాం. ఆయన ఒప్పుకున్నాడని అబద్ధం చెప్పను. వద్దనటం మాత్రం నేను నేర్చుకున్నాను.