అయిదు మైళ్ల ఇల్లు

ఇల్లు కట్టువాడు ఎవరి మెప్పు కొరకు కట్టుచున్నాడు?

లారీ బేకరు అను ఆంగ్లేయ క్వేకరు 1945లో కుష్ఠు రోగుల మిషను పనికై మన దేశమునకు వచ్చెను. ఆదర్శ గ్రామములోని ఇల్లు అయిదు మైళ్ల లోపల దొరకు సామగ్రితోనే కట్టవలెనని గాంధీగారు తనతో చెప్పిరని ఆయన చెప్పుచుండెడివాడు. 1970 తరువాత తిరువనంతపురమున ఆయన కట్టించిన గోడలలో ఇటుకలను పక్కమీద నిలిపి, నడుమ ఖాళీ విడిచిరి. ఇందువలన ఇటుకలు నాలుగింట ఒకవంతు మిగులును. ఆ ఖాళీలోని గాలి ఎండ వేడిని త్వరగా లోపలికి రానీయదు. ఇటుక తగ్గినచో బట్టీలో కాల్చు కట్టెయు తగ్గును గదా!

తాటాకు పాక కాలి బూడిదయైనవాడు స్లాబు కోరినచో నేను తప్పుపట్టను. మా సంగతి వేరు. చల్లని పెంకుటి మందిరమును పడగొట్టి స్లాబు వేసితిమి. పొరుగూరి మందిరము ముందర మనది చిన్నబోరాదని ప్రసంగించినవాడను నేనే. మొదటి చందాయు నాదే. ఇప్పుడు వేసవిలో కరెంటు పోగానే ముసలమ్మలు లేచి వేపచెట్టు క్రిందికి పోవుదురు.

"అయ్యగారూ, కాస్త గట్టిగా చెప్పండి, ఇక్కడికి వినబడతది" అందురు.

చెమట తుడుచుకొనుచు గట్టిగానే చెప్పుచున్నాను.