పని లేని ప్రయాణం

"తిరిగి ఆడది చెడింది, తిరక్క మగాడు చెడ్డాడు" అనే సామెత మనం విననిది కాదు. ఒకే పని ఒకరిని చెరిపి, ఇంకొకరిని బాగుచేస్తుందట. 'దారి తప్పడం' అన్న మాటా అంతే. మగవాడు దారి తప్పితే ఎవరో ఒకరు దారి చూపిస్తారు. ఆడది దారి తప్పిందంటే, ఆమె ఏ రోడ్డు మీద ఉందని ఇక ఎవరూ అడగరు. ఇలాంటి భాషలో, ఒక ఆడపిల్ల ఇల్లు వదిలి అడవులు పట్టి తిరిగే కథ హాస్యంగా ఎలా నిలబడింది? 'క్షణ క్షణం' ఇన్నేళ్ళ తరవాత మళ్ళీ చూసినప్పుడు నన్ను వదలని ప్రశ్న ఇది.

రామ్‌గోపాల్ వర్మ 1991లో తీసిన సినిమా అది. సత్య (శ్రీదేవి) మధ్యతరగతి ఉద్యోగిని. బ్యాంకు దోపిడీ సొమ్ము ఆచూకీ చెప్పే చీటీ ఒకటి, ఫొటోల కవరుతో పాటు అనుకోకుండా ఆమె చేతికొస్తుంది. దానికోసం ఇంట్లో జొరబడి తనమీద పడ్డవాడిని చంపేశాననుకుని పారిపోతుంది. చిల్లర దొంగ చందూ (వెంకటేష్) తోడవుతాడు. వెనక నాయర్ (పరేష్ రావల్) ముఠా, పోలీసులు. సత్య ప్రతిదానికీ భయపడుతుంది, దేవుణ్ణి పిలుస్తుంది, మనం నవ్వుతాం.

ఇక్కడే ఒక నైతికమైన ఇబ్బంది ఉంది. ఆడదాని భయం చూసి నవ్వొచ్చా? పిరికి నాయిక, ఆమెను కాపాడే మగవాడు, ఇది పాత మూసే కదా అని మనలో చాలామంది అన్నారు. ఆ అభ్యంతరం న్యాయమైనదే. కానీ సత్య దేనికి భయపడుతోందో కాస్త చూడాలి. ఒంటి మీద దాడి జరిగినప్పుడు ఆత్మరక్షణ హక్కు 1860 నాటి శిక్షాస్మృతిలోనే ఉంది. అయినా ఆమెకు పోలీస్‌స్టేషన్‌కు వెళ్ళాలని తోచదు. ఇది తెలివితక్కువతనం కాదు. 1978లో హైదరాబాదులో రమీజాబీ తన భర్తతో కలిసి సెకండ్ షో సినిమా చూసి ఇంటికి వస్తూ పోలీసులకు చిక్కింది. నల్లకుంట స్టేషన్‌లో ఆమె మీద అత్యాచారం జరిగింది, దెబ్బలు తిన్న భర్త చనిపోయాడు. ఆ తరవాత నడిచిన వాదన అంతా ఆమె శీలం గురించి. రాత్రిపూట రోడ్డు మీద ఉండడమే ఆమె నేరమైంది. ఆ చరిత్ర తెలిసిన వాళ్ళకి సత్య భయం మామూలు లోకజ్ఞానం.

మరి నవ్వు ఎక్కడిది? ఇంట్లో కూర్చోవడానికి ఇచ్చిన శిక్షణంతా మూటగట్టుకుని ఆమె అడవికి వస్తుంది. అక్కడ అది ఒక్కటీ పనికిరాదు, అయినా ఆమె వదలదు. ఆ శిక్షణ అడవిలో ఎంత హాస్యాస్పదంగా ఉంటుందో చూసి మనం నవ్వుతాం. అదే ఇంట్లో ఉన్నప్పుడు 'సంస్కారం' అనిపించుకుంది. చందూ ధైర్యం కూడా సగం నటనే. ఆడతనం, మగతనం రెండూ నేర్పిన పాఠాలేనని రోడ్డు బయటపెడుతుంది. సినిమా ఇన్నేళ్ళు నిలిచింది ఈ నవ్వు మీదేనని నా నమ్మకం.

అంతమాత్రాన దాన్ని విముక్తి గాథ చెయ్యనక్కరలేదు. ఈ సినిమా శ్రీదేవికి తాను రాసుకున్న ప్రేమలేఖ అని వర్మే చెప్పుకున్నాడు. కాబట్టి కెమెరా చూపు ఎవరిదో మనకి తెలుసు. అంతకంటే నన్ను కలవరపెట్టేది వేరే ఉంది. సత్య బయటికి రావడానికి ఒక శవం కావలసి వచ్చింది. అదే ఏడు హాలీవుడ్‌లో వచ్చిన 'థెల్మా అండ్ లూయీస్'లోనూ సరదాగా బయల్దేరిన స్త్రీలిద్దరూ, ఒక మగవాడు అత్యాచారానికి తెగబడి హతమయ్యాక ఇక వెనక్కి రాలేకపోయారు. 1934 నాటి 'ఇట్ హాపెండ్ వన్ నైట్'లో ధనవంతుడి కూతురు బస్సెక్కిందంటే తండ్రి మీద తిరుగుబాటు చేసే. మగవాడి ప్రయాణానికి గాలి మారితే చాలు. ఆడదానికి మాత్రం తప్పనిసరి కారణం ఉండాలి. 'క్షణ క్షణం'లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అడవిలో జోలపాట. సిరివెన్నెల రాసిన ఆ పాట సాగినంతసేపూ తరిమేవాళ్ళు ఉండరు, చెయ్యవలసిన పనీ ఉండదు. ఒక ఆడపిల్ల ఆకాశం కింద నిద్రపోవడానికి ప్రయత్నిస్తుంది, అంతే. ఆ కాసేపు ఆమె తిరగడానికి సంజాయిషీ ఇచ్చుకోనక్కరలేదు.

నేనుండే ఆమదాలవలసలో రైలుస్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్డు. పేరులోనే రోడ్డున్న ఆ స్టేషన్‌లో బండి కోసం కూర్చున్న ఏ ఆడమనిషిని కదిపినా ఒక పని చెబుతుంది. విశాఖలో ఆసుపత్రి, కొడుకు పరీక్ష, కూతురి పురుడు. "ఏటమ్మా, ఏ పని మీదెల్తన్నావు?" అన్న పలకరింపులో ఆపేక్ష ఉంది, తనిఖీ కూడా ఉంది. ముంబయి స్త్రీల గురించి శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే 2011లో 'వై లాయిటర్?' రాసి ఇదే చెప్పారు. బహిరంగ స్థలంలో ఆడది ఎప్పుడూ ఏదో పని ఉన్నట్టు కనబడాలి. ఏ పనీ లేకుండా నిలబడగలగడం కూడా పౌరహక్కేనని వాళ్ళ వాదన.

ఇది పుస్తకాల సంగతి మాత్రమే కాదు. తెలంగాణలో 2023 డిసెంబరులో, మన రాష్ట్రంలో 2025 ఆగస్టు 15న ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం మొదలైంది. బస్సులో వెల్లుల్లి ఒలుచుకుంటున్న స్త్రీల వీడియో ఒకటి 2024లో అక్కడ రాజకీయ వేళాకోళమైంది. "పనీపాటా లేకుండా తిరుగుతున్నారు" అన్న మాట ఇక్కడా వినబడుతోంది. పథకాన్ని సమర్థించేవాళ్ళు కూడా పనికి వెళ్ళేవాళ్ళని, చదువుకునేవాళ్ళని, ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళనే చూపిస్తున్నారు. అవన్నీ నిజాలే. కానీ ఆ జవాబుతో మనం ప్రశ్నని ఒప్పేసుకుంటున్నాం. పని ఉంటేనే తిరగాలన్న షరతు అలాగే ఉండిపోతోంది.

'ఊరికే' అన్న మాటకి తెలుగులో రెండర్థాలున్నాయి. డబ్బివ్వకుండా అని ఒకటి, కారణం లేకుండా అని ఇంకొకటి. మొదటి అర్థంలో ఊరికే తిరిగే వీలు ఇప్పుడు ప్రభుత్వం ఇచ్చింది. రెండో అర్థంలో ఊరికే తిరిగే ఆడదాన్ని మన సినిమా చూపించిందీ తక్కువే, మన వీధి ఒప్పుకున్నదీ తక్కువే. ఇంట్లో శవం పడకుండానే, వెనక ఎవరూ తరమకుండానే ఒక సత్య పల్లెవెలుగు బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని, ఏ పని మీద అని అడిగిన కండక్టరుతో "ఊరికే" అంటుంది. అది విని బస్సంతా నవ్వుతుంది, ఆమె కూడా నవ్వుతుంది. నాకు చూడాలనున్న హాస్య సినిమా అది.