సంతకానికి జవాబు



నైతిక బాధ్యత వేరు, జవాబుదారీతనం వేరు. 1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి రైలు ప్రమాదం జరిగినప్పుడు రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇచ్చారు. నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబరులో అరియలూరు దగ్గర మరో రైలు వరదపాలైంది. ఈసారి శాస్త్రి ఆగలేదు. మంత్రి తప్పుకోవడం నైతిక బాధ్యత. వంతెనను చివరిసారి ఎవరు చూశారు, చూసి ఏం రాశారు అని తేల్చడం జవాబుదారీతనం. మొదటిదానికి మనిషి మనస్సాక్షి చాలు. రెండోదానికి కాగితాలు కావాలి, వాటిని బయటివాళ్లు చూడగలగాలి.

ఆ చూడగలిగే హక్కు గ్రామీణ ఉపాధి హామీ పథకంలో కూలీల దాకా వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఈ పథకానికి ఉపాధి హామీ చట్టంలోని 17వ సెక్షనే సామాజిక తనిఖీ పెట్టింది. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 నుంచి నడిపిన బహిరంగ విచారణలు దీనికి దారి చూపాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2009లో ఈ తనిఖీల కోసమే ఒక సొసైటీని ఏర్పాటు చేసింది.

శిక్షణ పొందిన యువతీయువకులు, చాలావరకు కూలీల ఇళ్ల పిల్లలే, తమది కాని ఊరికి వెళ్తారు. ఇంటింటికీ తిరిగి మస్టర్, అంటే పని హాజరు పట్టీ, చదివి వినిపిస్తారు. ఆరు రోజులు పనిచేసినట్టు పేరున్న మనిషి ఆ వారమంతా కూతురి ఊళ్లో ఉందని అక్కడే తేలవచ్చు. పూడిక తీశామన్న చెరువులో దిగి టేపు పెట్టి కొలుస్తారు. ఆఖరున మండల కేంద్రంలో ప్రజావేదిక. బిల్లు పాస్ చేసిన అధికారి ఎదుటే, చదువురాని కూలీ మైకు అందుకొని తన కూలి లెక్క అడుగుతుంది. మన పాలనలో ఇంత గౌరవప్రదమైన దృశ్యం మరొకటి లేదు.

లోపాలూ ఉన్నాయి. దారిమళ్లినట్టు బయటపడ్డ సొమ్ములో తిరిగి వసూలైంది తక్కువ. వేటు తరచూ ఫీల్డ్ అసిస్టెంట్ మీద పడి ఆగిపోతుంది. పైన సంతకం చేసినవారి దాకా పోదు.

అందుకే కొత్తగా చేరే ఉద్యోగి కొలత చూడకుండా ఎం.బుక్ (పనుల కొలతల పుస్తకం) మీద సంతకం పెట్టకూడదు. ఆ సంతకం సాక్ష్యం. పై అధికారి నోటిమాటగా చెప్పారనడం జవాబు కాదు. కేంద్ర ఉద్యోగుల 1964 నాటి ప్రవర్తనా నియమాల ప్రకారం నోటి ఆదేశాన్ని వీలైనంత త్వరగా రాతలో ధ్రువీకరించాలి, ఆ ధ్రువీకరణ అడగడం కింది ఉద్యోగి విధి. అడగడానికి ధైర్యం కావాలి, నిజమే. అడిగినవాళ్లకు బదిలీలూ వస్తాయి. అయినా ఫైల్లో రాసిన అభ్యంతరం ఉండిపోతుంది.

పెట్టకుండా ఆపిన సంతకానికీ లెక్క ఉంది. ఉపాధి హామీ నిబంధనల్లో, మస్టర్ మూసిన 16వ రోజు దాటాక చెల్లించని కూలిపై రోజుకు 0.05 శాతం పరిహారం ఇవ్వాలి. వెయ్యి రూపాయల కూలికి రోజుకు అర్ధ రూపాయి. ఆ అర్ధ రూపాయి ఎవరి బల్ల దగ్గర ఆలస్యం వల్ల వచ్చిందో గుర్తించి, వారి నుంచే రాబట్టాలి.