నల్లని ద్రౌపది

మా ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేస్తారు. మేకతోలును పలచగా గీకి, ఆరబెట్టి, ఉలితో చిల్లులు కొట్టి రంగులు పూస్తారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది.

ఆ తోలుకు ఏ రంగు పూయాలన్నది మన చేతిలోనే ఉంది. భారతం ద్రౌపదిని నల్లని అందగత్తె అంటుంది. మా దసరా బొమ్మల కొలువులో మాత్రం ఆడబొమ్మలన్నీ తెల్లనివే, గులాబీ బుగ్గలవే. శెనక్కాయ చేలో ఎండకు కాగిన మనవరాలు మెట్లన్నీ వెదికి, "అవ్వా, నా మాదిరి బొమ్మ యాడుంది?" అనింది.

ఆ ప్రశ్న నాకొక పరిశోధనను గుర్తుచేసింది. 1940ల్లో అమెరికాలో కెన్నెత్, మేమీ క్లార్క్ దంపతులు నల్లజాతి పిల్లల ముందు నల్లబొమ్మా తెల్లబొమ్మా పెట్టి ఏది మంచిదని అడిగారు. ఎక్కువమంది తెల్లదాన్నే చూపారు. బడుల్లో జాతి వేర్పాటు చెల్లదన్న 1954 నాటి అక్కడి సుప్రీంకోర్టు తీర్పు ఆ పరిశోధననూ ప్రస్తావించింది.

తిరుమలలో నల్లరాతి మూర్తికి మొక్కి, ఇంటికొచ్చి పిల్ల నలుపు పోవాలని నలుగు పెడతాం. అన్ని రూపాలూ దేవుడివే అని నమ్మేవాళ్లం చేయాల్సిన పనేనా ఇది? నా దృష్టిలో అది భక్తిలో లోపమే. పసిపిల్లకు కొలువే మొదటి గుడి, అక్కడ తన రూపం లేకపోతే దేవుడి లెక్కలో తాను లేననుకుంటుంది.

అమ్మల్లారా, ఈ దసరాకు నిమ్మలకుంట వాళ్ల చేత నల్లని ద్రౌపది బొమ్మ ఒకటి చేయించి పైమెట్టు మీద పెట్టండి.