చదువని ఒడంబడిక

విద్య పంచిన కొలది పెరుగునని పెద్దలు చెప్పుదురు. పంచరాని పనిముట్టుతో ఆ విద్యను నేర్పుట ధర్మమా అను ప్రశ్న నేడు తెలుగు బడుల ముందున్నది.

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమున షాంటిలీ అను ఊరు కలదు. ఒక పూర్వపు తోట పేరే ఆ ఊరికి పేరైనది. అచట 1794లో రిచర్డ్ బ్లాండ్ లీ కట్టించిన సల్లీ భవనము నేటికిని నిలిచియున్నది. దాని పొలములలో నల్లజాతి బానిసలు శ్రమించిరి. చదువను వ్రాయను నేర్చుకొనుటకై నల్లవారు కూడుటను వర్జీనియా శాసనము 1831లో నిషేధించెను. చదువునకు తాళము వేసినచో మనుష్యునకు సంకెల వేయుట సులభమని యజమానులు ఎరిగియుండిరి.

మారిషస్, నేటాల్, ఫీజీ తోటలకు పోయిన తెలుగు కూలీలు బానిసలు కారు; ఒడంబడికపై పోయినవారు. ఫీజీలో దానిని గిరిమిట్ అనిరి. అయినను పెక్కుమంది తాము చదువలేని కాగితముపై వ్రేలిముద్ర వేసిరి. నేటి పిల్లలు కంప్యూటరు తెరపై ‘అంగీకరించితిని’ అను మీటను చదువకయే నొక్కుచున్నారు. తోటలోని కష్టమునకు దీనితో పోలిక లేదు. చదువని మాటకు కట్టుబడుట మాత్రము రెండింటను ఉన్నది.

రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ అను పనిని ప్రకటించెను. 1989లో దాని ఒడంబడిక వెలువడెను. ఏ పనికైనను వాడుకొనవచ్చును, లోపలి వ్రాతను చదివి మార్చవచ్చును, ప్రతులను పంచవచ్చును, మార్చిన ప్రతులను సైతము పంచవచ్చును. పంచువాడు అదే స్వేచ్ఛను పుచ్చుకొనువానికిని ఈయవలెను. ఇదియు ఒడంబడికయే, కాని కట్టివేయునది కాదు, కట్లు విప్పునది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన అక్షరములు ఈ విధముగనే తెలుగువారికి దక్కినవి. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాయు, హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థయు ఈ త్రోవనే నడచుచున్నవి.

అట్లయిన పనివానికి కూలి వలదా? కూలి దక్కని తాతల మనుమలు ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. ఆంగ్లమున రెండింటికిని ఒకే మాట. తెలుగున స్వేచ్ఛ వేరు, ఉచితము వేరు. స్వేచ్ఛగల ప్రోగ్రామును అమ్ముటకును అడ్డులేదు. కాని పెక్కుమంది జీతము లేకయే దానిని తయారు చేయుచున్నారు. దానిని పుచ్చుకొని ఊరకుండు బడి ఋణపడినదే. ధనము లేనిచో తప్పులను తెలిపియు, మాటలను తెనిగించియు ఆ ఋణమును తీర్చవచ్చును.

వెల చెల్లింపక దొంగప్రతిని బడిలో నిలుపు గురువు, భాషపై ప్రేమతోనే చేసినను, పిల్లలకు అసత్యమును నేర్పుచున్నాడు. స్వేచ్ఛగల ప్రతిని పాత యంత్రముపై నిలుపువాడు తలయెత్తుకొని పంచగలడు. ‘ఇది లోపల ఎట్లు పనిచేయును?’ అని పిల్ల అడిగినపుడు, ‘తెరచి చూడుము’ అనగలడు. తాతలకు ఎవరును చెప్పని మాట అదియే.