ఆదివారం ఎవరిది?

మగవాళ్ళ వ్యసనాల మాట వచ్చినప్పుడల్లా మా బంధువుల్లో ఆడవాళ్ళు మా అమ్మను చూసి అసూయపడేవారు. "నీకేమమ్మా! మీ ఆయన పేకాడడు, సిగరెట్టు ముట్టడు, ఆఫీసు నుంచి తిన్నగా ఇంటికొస్తాడు" అనేవారు. అమ్మ నవ్వి ఊరుకునేది. నిజమే, మా నాన్నగారు పేకాడేవారు కారు. ఆయన విమానాలు చేసేవారు.

కంగారుపడకండి, బొమ్మ విమానాలే. సికింద్రాబాదులో రైల్వే ఆఫీసు గుమాస్తాకు అసలు విమానం ఎక్కే యోగం కూడా ఉండేది కాదు ఆ రోజుల్లో. బేగంపేటలో దిగే డకోటాలను మేడ మీంచి చూసి సంతోషించడమే. కాని నాన్నగారి విమానాలు అలమారులో పెట్టుకుని చూసే రకం కావు. నిజంగా ఎగిరేవి.

వాటికి బాల్సా అనే చెక్క కావాలి. దక్షిణ అమెరికాలో పెరిగే చెట్టు, మన బూరుగుకు చుట్టం. చేతిలో పెడితే ఉందా లేదా అన్నట్టుంటుంది. కలకత్తా నుంచి పార్సిల్లో వచ్చేది. దాన్ని బ్లేడుతో సన్నగా కోసి, ఎముకల గూడులా అతికించి, పైన పల్చటి కాగితం అంటించి, నీళ్ళు చిలకరించేవారు. ఆరేసరికి కాగితం మద్దెల మీద తోలులా బిగిసేది. దాని మీద పూసే ద్రవం అచ్చం గోళ్ళరంగు వాసన. ఈనాటికీ మా కోడలు గోళ్ళకి రంగు వేసుకుంటే నాకు నాన్నగారే గుర్తొస్తారు.

ముందు భాగంలో పంకా, లోపల రబ్బరు పేట. పంకాని వందలసార్లు తిప్పి వదిలితే ఆ మెలి విడిపోయేదాకా విమానం పైకి పోతుంది. ఆ తరవాత గాలిదే భారం.

ఈ కర్మాగారమంతా ఎక్కడనుకున్నారు? మా అమ్మ చపాతీ పీట మీద! అతికించిన పుల్లలు కదలకుండా గుండుసూదులు గుచ్చాలిగా. మా ఇంట్లో చపాతీలకు చుక్కల అచ్చులు పడేవి. ఆ పని జరిగేది ఆదివారాలు. పొద్దున్న కాఫీ తాగి కూర్చుంటే భోజనానికి మూడుసార్లు పిలవాలి.

నాన్నగారి దగ్గర నేను చాలా నేర్చుకున్నాను. ఆ మాట దాచుకోను. "విమానానికి మొహమాటం ఉండదమ్మా" అనేవారాయన. ముక్కు దగ్గర గోరంత బరువు తక్కువైతే తల ఎత్తుతుంది, ఎక్కువైతే నేలకి కొట్టుకుంటుంది. నీ ఉద్దేశం మంచిదే కదా అని జాలిపడదు. పడిపోతే ఏడవకూడదు, ఎందుకు పడిందో చూడాలి. బళ్ళో లెక్క తప్పిన రోజున కూడా నన్ను తిట్టకుండా, "ఎక్కడ ఒరిగిందో చూద్దాం రా" అని పక్కన కూర్చోబెట్టుకునేవారు. అలాంటి తండ్రి ఎంతమందికి దొరుకుతాడు చెప్పండి!

ఆ ఏడు దసరాకి నాకు పట్టు పరికిణీ కొనాలనుకున్నారు. అమ్మ పోపుల డబ్బాలో నెలనెలా కొంచెం దాచి పోగుచేసింది. పండగ ముందు కలకత్తా పార్సిల్ వచ్చింది. అమ్మ డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టి, "పిల్ల పరికిణీ డబ్బండీ అది" అంది. అంతే. నాన్నగారు తలొంచుకున్నారు. అప్పుడు నేను, పదేళ్ళదాన్ని, ముందుకొచ్చి, "నాకు పరికిణీ వద్దు, విమానమే కావాలి" అన్నాను. నాన్నగారు నన్ను దగ్గరికి తీసుకున్నారు. అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ ఒక్క మాటతో నేను త్యాగమూర్తినయ్యాను. అమ్మ గయ్యాళి అయింది. ఆ సంగతి గ్రహించడానికి నాకు నలభై ఏళ్ళు పట్టింది.

ఆ చెక్కతో చేసిందే మా పెద్ద విమానం. అప్పటికే ఒకటి రెండు విమానాలు గాలిలో కొట్టుకుపోవడం వల్ల నాన్నగారు దీనికో ఉపాయం పెట్టారు. ఎండకి నేల వేడెక్కినచోట గాలి పైకి లేస్తుంది. గద్దలు రెక్క ఆడించకుండా తిరిగేది దాని మీదే. బొమ్మ విమానం అందులో చిక్కితే ఇక దిగదు. అందుకని తోకను ఓ రబ్బరు బ్యాండుతో కిందికి కట్టి, దాని పక్కనే ఓ వత్తి పెడతారు. వత్తి నెమ్మదిగా కాలి రబ్బరును తెంపుతుంది, తోక పైకి లేస్తుంది, విమానం నెమ్మదిగా కిందికి దిగి వస్తుంది. ఎగరడానికి పెద్ద ఏర్పాటే కావాలి గాని, ఇంటికి రావడానికి ఒక్క వత్తి చాలు.

ఆ వత్తి చేసింది అమ్మ. దీపారాధనకు చేసినట్టే పత్తి పేని, సూరేకారం నీళ్ళలో తడిపి ఆరబెట్టి, వేలెడు ముక్క ఎంతసేపు కాలుతుందో గడియారం చూసి చెప్పింది. నాలుగైదు రకాలు చేసి చూసింది కూడాను.

1968లో సంక్రాంతి వెళ్ళిన ఆదివారం అందరం పెరేడ్ గ్రౌండ్స్‌కి వెళ్ళాం. అమ్మ రావడం అదే మొదటిసారి. నాన్నగారు పంకా తిప్పి తిప్పి, ఊపిరి బిగబట్టి వదిలారు. విమానం మెట్లెక్కినట్టు పైకి పోయింది. మేమంతా చప్పట్లు కొడుతున్నాం. "ఏమండీ! వత్తి వెలిగించలేదు!" అని అరిచింది అమ్మ.

అందరూ విమానాన్నే చూస్తుంటే ఆవిడొక్కతే వత్తిని చూసింది. కాని అప్పటికే ఆలస్యమైపోయింది. విమానం గుండ్రంగా తిరుగుతూ, ఓ గద్దకు తోడుగా పైకి పైకి పోయి, తిరుమలగిరి వైపు చుక్కయిపోయింది.

నాన్నగారు చాలాసేపు చూసి, "పోతే పోయిందిలే, ఎగరమనేగా చేసింది" అన్నారు. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఈ కథ నేను ఎంతమందికి చెప్పానో! నాన్నగారి వైరాగ్యం, అమ్మ మమకారం అంటూ. పరికిణీ డబ్బు గాలిలో కలిసిపోయిందని ఏడ్చిందనే అనుకున్నాను.

నాన్నగారు 1994లో పోయారు. 2011లో అమ్మను విశాఖపట్నంలో తమ్ముడింటికి విమానంలో తీసుకెళ్ళాను. డెబ్భై ఏడేళ్ళ వయసులో మొదటి విమానం. భయపడుతుందేమోనని చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ కిటికీలోంచి చూస్తూ, "రెక్కల చివర్లు పైకెత్తారు చూశావా? ఒరిగితే సర్దుకోవడానికి" అంది.

నేను తెల్లబోయాను. "నాన్నగారు నీకూ చెప్పారా?"

"నాకెవరు చెప్తారే? మీకు చెప్తూంటే వంటింట్లోకి వినపడేది."

రైట్ సోదరుల కథ నాన్నగారు మాకు తరచూ చెప్పేవారు. 1878లో వాళ్ళ తండ్రి ఓ బొమ్మ తెచ్చాడట. వెదురు, బెండు, కాగితం, రబ్బరుతో చేసిన బొమ్మ. దానితోనే వాళ్ళకు ఎగరాలన్న ఆశ పుట్టిందట. ఆ కథలో తల్లి ఉండేది కాదు. చాలా కాలానికి చదివి తెలుసుకున్నాను. ఆ ఇంట్లో పనిముట్టు పట్టే నేర్పు తల్లిది. బళ్ళు తయారుచేసేవాడి కూతురు సుజన్. పిల్లల బొమ్మలూ, ఇంటి సామానూ తనే చేసేది. 1889లో పోయింది. పధ్నాలుగేళ్ళ తరవాత, 1903 డిసెంబర్ 17న, కొడుకులు పన్నెండు సెకన్లపాటు నూట ఇరవై అడుగులు ఎగిరారు. బొమ్మ కొనితెచ్చిన చెయ్యి కథకెక్కింది. పని నేర్పిన చెయ్యి కథకెక్కలేదు.

అమ్మకు పెళ్ళికి ముందు నాలుగేళ్ళు ఫిడేలు నేర్పించారు. కాపురానికి వస్తూ తెచ్చుకుంది. పిల్లలు పుట్టాక ఫిడేలు మా మామయ్య కూతురికి ఇచ్చేసింది. పెట్టె మాత్రం మిగిలింది. తడి తగలకుండా బాగుంటుందని నాన్నగారు అందులో బాల్సా చెక్కలు దాచుకునేవారు. ఆ సలహా ఇచ్చింది కూడా అమ్మే. అందులో తప్పుందని మాలో ఎవరికీ తోచలేదు.

ఆ రోజు విమానంలో ధైర్యం చేసి అడిగాను. "అమ్మా, నాన్నగారి విమానాల మీద నీకు కోపం ఉండేదా?"

"కోపం లేకేం? అయితే విమానాల మీద కాదు, ఆదివారం మీద. ఆయనకొకటి ఉండేది. నాకు ఉండేది కాదు."

"నీకేం కావాలో చెప్పొచ్చుగా?"

"ఎవరైనా అడిగితే కదే, నాకేం కావాలో నాకు తెలిసేది!"

అప్పుడనిపించింది, ఆ రోజు పెరేడ్ గ్రౌండ్స్‌లో అమ్మ ఏడ్చింది డబ్బు కోసం కాదేమోనని. ఆ విమానంలో తనదంటూ ఉన్నది వత్తి ఒక్కటే. ఆయన మరిచిపోయింది దాన్నే.

అయితే నాన్నగారు తప్పు చేశారా? సంసారం ఉన్నవాడు తన సంతోషం చంపుకోవాలా? నేను అలా అనలేను. ఆయన విమానాలు మానేసి ఉంటే అమ్మ ఫిడేలు తిరిగొచ్చేదా? ఇంట్లో ఒకరు దిగులుగా ఉండే బదులు ఇద్దరుండేవారు. ఆయన సంతోషంలోంచే నాకు సగం బుద్ధి వచ్చింది. తప్పు సంతోషపడడంలో లేదు. ఆ సంతోషానికి ఎవరి పొద్దు ఖర్చవుతోందో చూసుకోకపోవడంలో ఉంది. పరికిణీ డబ్బుకు ఆయన తలొంచుకున్నారు, అది కంటికి కనపడే ఖర్చు గనక. ఆదివారాలకు లెక్క రాసేవాళ్ళు లేరు.

నాన్నగారిని బోనెక్కించి నేను తప్పుకోవడం న్యాయం కాదు. మా అబ్బాయి బొమ్మలు వేసుకుంటూ కూర్చుంటే "ష్! వాడు పనిలో ఉన్నాడు" అని అందరినీ అదిలించేదాన్ని. అమ్మాయి పుస్తకం పట్టుకుంటే "కాస్త పాలు పొంగకుండా చూడవే" అనేదాన్ని. నాకు ఎవరూ నేర్పలేదు. అదీ వంటింట్లోకి వినపడిన పాఠమే.

అమ్మ ఇప్పుడు లేదు. ఫిడేలు పెట్టె నా దగ్గర ఉంది. లోపల ఇంకా నాలుగు బాల్సా పుల్లలున్నాయి. పోయిన ఆదివారం మా అమ్మాయికి ఫోన్ చేసి, "ఇవాళ నీకేం చెయ్యాలనుందే?" అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. "ఆలోచించి చెప్తానమ్మా" అంది.

ఆ ఒక్క ప్రశ్న మీరూ అడిగి చూడండి. జవాబు వెంటనే రాదు. అంతకాలంగా ఎవరూ అడగలేదన్నమాట.