సంజీవని

మహేంద్రగిరి కనుచూపులో నుండు మా మందస పొలములలో, వరికోతలు ముగిసి కుప్పలు కళ్ళములకు చేరిన పిదప, పిల్లలు మడిలో గీత గీసి చెడుగుడు మొదలుపెట్టుదురు. అందు పట్టుబడినవాడు ఓడినట్లు కాదు, ‘సచ్చిపోయినట్లు’. గట్టుమీద మోకాటి మన్ను గోకికొనుచు, కూతకు పోయిన తనవాని పెదవులవైపే కన్నార్పక చూచుచుండెడి ఆ బాలుడు, ఆ కూతగాడు ఎదుటివాని నొకని తాకి ఊపిరి తెగకుండ గీత చేరినంతనే, ‘బతికినాను’ అని కేకవేసి బరిలో దూకును.

మన పెద్దలు ఈ పద్ధతికి సంజీవని అని పేరిడిరి. నేటి ప్రో కబడ్డీయు దీనినే అనుసరించుచున్నది. చచ్చినవారు చచ్చిన వరుసలోనే బ్రతుకుదురు. ఏడుగురును చచ్చినచో ఎదుటి పక్షమునకు రెండు పాయింట్లు అదనముగా పోవును గాని, మరుక్షణముననే ఏడుగురును లేచి నిలుతురు. ముగ్గురిని పోగొట్టుకొన్న జట్టు ఆ లోటుతోనే ఈడ్చుకొని పోవలసియుండగా, సర్వము నశించిన జట్టునకు పూర్ణబలము తిరిగి వచ్చుట ఎంత వింత న్యాయము! దీనిని తలచుకొని నేను నిదుర పట్టక గడపిన రాత్రులు కలవు.

2014లో విశాఖను సొంతగడ్డగా చేసికొని పుట్టిన ప్రో కబడ్డీ జట్టు తెలుగు టైటాన్స్, రాహుల్ చౌదరి కూతల బలమున, మరుసటి యేడే మూడవ స్థానము నందెను. 2018 అక్టోబరు 7న ఆరవ సీజను ఆరంభమయ్యెను. నాలుగు నాళ్ళకే తిత్లీ తుపాను పలాస తీరమును తాకి మా ఉద్దాన ప్రాంతపు కొబ్బరిని, జీడిని నేలకూల్చెను. దీపములేని ఆ రాత్రులలో జట్టు గెలిచినదో లేదో మాకు తెలియదు. తెలిసికొన మనసును లేదు.

అటుపిమ్మట జట్టునకును తుపాను వచ్చెను. 2021 డిసెంబరులో మొదలైన సీజనున ఇరువదిరెండు ఆటలలో ఒకే గెలుపు. తరువాతి రెండింటను రెండేసి. కూతగాడు పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షలకు పైబడి వేలములో కొన్న యేడును రెండే! ముప్పది సెకన్ల కూత ఎంత గొప్పవానిదైనను, వెనుక పట్టు పట్టువారు లేనిచో వాడు గట్టుమీద బాలుడే యని నేనప్పుడు గ్రహించితిని. ఆ మరుసటి యేట అదే జట్టు పండ్రెండు ఆటలు గెలిచెను.

ఏడేండ్ల తరువాత, 2025 ఆగస్టు 29న, ప్రో కబడ్డీ విశాఖకు మరలి వచ్చెను. తొలినాడు మనవారు తమిళ్ తలైవాస్ చేతిలో 35–38తో ఓడిరి. ఐనను ఆ సీజనున ప్లేఆఫ్స్ చేరి, ఫైనలునకు ఒక్క మెట్టు దిగువన ఆగిరి.

చెట్లకు మాత్రము సంజీవని లేదు. మా పెరటిలో తిత్లీకి కూలిన కొబ్బరిచెట్లలో ఒక్కటియు లేవలేదు. ఆ గోతులలో నాటిన మొక్కలు ఏడవ యేట తొలిగెలలు వేసినవి.